రాబర్ట్ మోజెస్ : సుంకముతో కట్టిన వంతెనలు

ఖజానాలో ధనము లేనప్పుడు వంతెన నిర్మించుట ఎట్లు? ప్రజలపై కొత్త పన్ను వేయక, ఆ వంతెన రేపు ఆర్జించబోవు సుంకమునే జామీనుగా చూపి నేడు అప్పు తెచ్చుట ఒక మార్గము. అట్టి అప్పుపత్రములను రాబడి బాండ్లు అందురు. ఈ మార్గమునకు గల బలమును, అపాయమును ఒకే జీవితములో చూడగోరు విద్యార్థులకు న్యూయార్కు నిర్మాత రాబర్ట్ మోజెస్ చరిత్రను సంగ్రహముగా తెలుపుచున్నాము.

మోజెస్ 1888 డిసెంబరు 18న అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున జన్మించినాడు. యేల్, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములలో చదివి, కొలంబియాలో డాక్టరేటు పొందినాడు. 1934లో గవర్నరు పదవికి పోటీ చేసి ఘోరముగా ఓడిపోయినాడు. ప్రజల వోటుతో ఏనాడూ ఏ పదవినీ పొందని ఈ వ్యక్తి మూడు దశాబ్దములకు పైగా మహానగరమును శాసించినాడు. అందుకు మూలము ట్రైబరో వంతెన సంస్థ.

కేంద్ర ప్రభుత్వ ఋణసహాయముతో పూర్తియైన ఆ వంతెన 1936 జూలై 11న తెరువబడినది. కారుకు సుంకము 25 సెంట్లు. కార్లు పెరిగిన కొలది రాబడియు పెరిగినది. తొలి ఏర్పాటు ప్రకారము అప్పు తీరగనే సంస్థ పని ముగియవలెను. కాని మోజెస్ చట్టమును సవరింపజేసి, కొత్త బాండ్లు అమ్మి, కొత్త పనులు చేపట్టు అధికారము సంపాదించినాడు. బాండు ఒక కరారు. కరారును భంగపరచు చట్టమును ఏ రాష్ట్రమూ చేయరాదని అమెరికా రాజ్యాంగము శాసించుచున్నది. సంస్థ అధికారములు బాండ్ల కరారులోనే చేరుటచే మేయర్లు, గవర్నర్లు సైతము వానిని తాకలేకపోయినారు.

1964లో తెరువబడిన వెరజానో వంతెన, 4,260 అడుగుల నడిమి భాగముతో, ప్రపంచమున అప్పటికి అతి పొడవైన వ్రేలాడు వంతెన. అయినను ఆ సుంకపు ధనము కార్ల దారులకే వినియోగమైనది. సామాన్యులు ఎక్కు రైళ్లకు దక్కలేదు.

1968లో గవర్నరు నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఆ సంస్థను నగర రవాణా సంస్థలో కలిపినాడు. బాండుదారుల పక్షమున చేజ్ మన్‌హాటన్ బ్యాంకు వ్యాజ్యము వేసినది. ఆ బ్యాంకు అధిపతి గవర్నరు తమ్ముడు డేవిడ్. వ్యాజ్యము రాజీతో ముగిసినది. మోజెస్ అధికారమును కోల్పోయినాడు. నాటినుండి వంతెనల మిగులు ధనము రైళ్లకు, బస్సులకు ముట్టుచున్నది. 1981 జూలై 29న, 92 ఏండ్ల వయస్సున ఆయన మరణించినాడు.

కరారును నిలుపుట ధర్మము. కాని అప్పు తీరిన పిదప సుంకము ఎవరిదను ప్రశ్నను కరారు వ్రాయునాడే అడుగవలెను. ఆ ప్రశ్న అడుగగల పౌరులుగా మా విద్యార్థులు ఎదుగుదురని ఆశించుచున్నాము.