పాంచాలంకురిచ్చి పాలెగాడు

మధుర నుండి విరుదునగరం, కోవిల్‌పట్టి మీదుగా తిరునెల్వేలికి సాగే మార్గంలో కయత్తారు అనే ఊరు ఉన్నది. వీరపాండ్య కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న ఆంగ్లేయులు ఉరితీసినది అక్కడే. ఆయన ఇంటి భాష తెలుగు, కులదైవం జక్కమ్మ.

మధుర నాయక రాజులు 16వ శతాబ్దంలో దేశాన్ని 72 పాలేలుగా విభజించి సాయుధులైన నాయకులకు అప్పగించారు. పన్ను వసూలు, గ్రామాల కావలి, యుద్ధవేళ సేనతో హాజరు కావడం వారి విధులు. 

1760లో జన్మించిన కట్టబొమ్మన 1790లో పాలెగాడయ్యారు. 1792 ఒడంబడికతో పాలెగాండ్ర కప్పం వసూలు హక్కు ఆర్కాటు నవాబు నుండి కుంపిణీకి సంక్రమించింది. తగవు కప్పం బాకీతో మొదలైనా, ఊరి కావలి ఎవరిదన్నదే అసలు ప్రశ్న. కలెక్టరు జాక్సన్ ఆయనను ఊరూరా తిప్పి, చివరకు 1798 సెప్టెంబరులో రామనాథపురంలో విచారించాడు. ఆ గలాటాలో క్లార్కు అనే సేనాధికారి మరణించాడు. మదరాసు ప్రభుత్వం జాక్సన్‌నే తొలగించింది.

అయినా మరుసటి ఏడు బానర్మన్ సేన కోటపై పడింది. ఎట్టయాపురం పాలెగాడు ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. అతడూ కంబళ నాయకుల వాడే. ద్రోహి అనడం సులభం; ఆ రెండు పాలేల నడుమ పొలిమేర తగవు అంతకు మునుపే ఉన్నదని కూడా చెప్పాలి. తప్పించుకున్న కట్టబొమ్మనను పుదుక్కోట తొండమానుడు పట్టి అప్పగించాడు.

తమ్ముడు ఊమైదురై 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెర నుండి బయటపడి కోటను తిరిగి నిలిపాడు. మే నెలలో అది కూలింది, నవంబరులో అతనికీ ఉరి పడింది. ఆ డిసెంబరులోనే పాలెగాండ్రు ఆయుధాలు అప్పగించాలని కుంపిణీ ప్రకటించింది. నేడు పాంచాలంకురిచ్చిలో కనిపించే కోట 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టించినది.