పురావస్తు సంరక్షకుడు గులాం యజ్దానీ

అజంతా గుహల్లోని వర్ణచిత్రాలకు మొదట నకళ్లు తీసినవాడు రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి. 1844లో పని చేపట్టి అతడు ఏళ్ల తరబడి శ్రమించాడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన ఆ నకళ్లలో అధికభాగం 1866లో అగ్నికి ఆహుతైంది. ఆ తరువాత బొంబాయి కళాశాల అధ్యాపకుడు జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థుల చేత మళ్లీ నకళ్లు వేయించాడు. వాటిలోనూ అనేకం 1885లో లండన్‌లోనే కాలిపోయాయి. నకళ్లను రెండుసార్లు అగ్ని హరించగా, గుహల్లోని మూలచిత్రాలు తేమకు, గబ్బిలాలకు లోనై పెచ్చులుగా రాలిపోతూ ఉండేవి. ఆ 1885వ సంవత్సరంలోనే, ఆ చిత్రాల బాధ్యతను మున్ముందు స్వీకరించవలసిన గులాం యజ్దానీ ఢిల్లీ నగరంలో జన్మించారు.

యజ్దానీ అరబీ, పారశీక భాషల్లో నిష్ణాతులు. కొంతకాలం అధ్యాపకవృత్తిలో ఉన్నారు. 1914లో నిజాం ప్రభుత్వం హైదరాబాద్ సంస్థానంలో పురావస్తు శాఖను నెలకొల్పి, ఆయనను తొలి సంచాలకునిగా నియమించింది. నాటికి ఆయన వయస్సు ఇరవై తొమ్మిదేళ్లు. సంస్థానమంటే నేటి తెలంగాణమే కాక మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడ. ఒకవైపు అజంతా, ఎల్లోరా. మరొకవైపు బీదరు, గోలకొండ. ఇంకొకవైపు కాకతీయుల ఆలయాలు, తటాకాలు. ఇన్ని భాషల, ఇన్ని మతాల వారసత్వం ఒకే శాఖ చేతికి రావడం అరుదైన అవకాశం. యజ్దానీ దానిని భారంగా భావించలేదు. ఆయన వచ్చిన మరుసటి ఏడే, 1915లో, రాయచూరు జిల్లా మస్కిలో బంగారు గనుల ఇంజనీరు ఒకరి కంట అశోకుని శిలాశాసనం పడింది. అశోకుని పేరు స్పష్టంగా కనిపించిన మొదటి శాసనం అదే. హోసకోటె కృష్ణశాస్త్రి పరిష్కరించిన ఆ శాసనంతోనే హైదరాబాద్ పురావస్తు గ్రంథశ్రేణి ఆరంభమైంది. అనంతరకాలంలో పి. శ్రీనివాసాచారి సంపాదించిన తెలంగాణ శాసన సంపుటం కూడ ఈ శ్రేణిలోనే వెలువడింది.

యజ్దానీ జీవితంలో అజంతా ప్రధానఘట్టం. ఆ చిత్రాల కింద ఉన్నది మన్ను. రాతిపొడి, పీచు, ఊక కలిపి మెదిపిన మట్టిని గోడకు మెత్తి, దానిపై పలుచగా సున్నపు పూత పూసి, ఆరిన తరువాత రంగులు దిద్దారు. చేతికందిన మట్టితో, పొలంలోని ఊకతో చేసిన ఆ పూత సుమారు పదిహేను వందల సంవత్సరాలు నిలిచింది. దానిని నిలపడానికి 1920లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుండి లొరెంజో చెక్కోని, ఓర్సినీ అనే నిపుణులను రప్పించింది. వారు 1922 వరకు పనిచేసి, ఊడిపోతున్న మట్టిపొరలను గోడకు అతికించారు. చిత్రాలపై లక్కతో చేసిన వార్నీషు పూశారు. చిత్రాలు నిలిచాయి, నాటికి అది గొప్ప విజయం. కాని కాలక్రమంలో ఆ లక్క పసుపురంగుకు తిరిగింది. ధూళిని పట్టుకొంది, అక్కడక్కడ బీటలు వారింది. అంతకుముందు నకళ్లు తీసినవారు చిత్రాల మెరుపు కోసం పూసిన వార్నీషులూ దానికి తోడయ్యాయి. స్వాతంత్ర్యానంతరం భారత పురావస్తు శాఖ రసాయనశాస్త్రజ్ఞులు ఆ పొరలను కొంచెం కొంచెంగా కరిగించి తొలగించవలసి వచ్చింది. రక్షణకై పూసినదే తరువాతి తరానికి పని కల్పించిందన్నమాట. ఇందుకు ఇటలీ నిపుణులను గాని యజ్దానీని గాని నిందించడం న్యాయం కాదు. ఆనాటి ఐరోపాలో ఉత్తమమని పేరొందిన పద్ధతినే వారు అనుసరించారు. అయితే ఏ మరమ్మతు చేసినా అవసరమైనప్పుడు తిరిగి తీసివేయడానికి వీలుండాలని సంరక్షణశాస్త్రం నేడు విధించుకొన్న నియమం వెనుక ఇటువంటి అనుభవాలే ఉన్నాయి.

మరమ్మతుతో యజ్దానీ తృప్తిపడలేదు. గోడమీది చిత్రం ఎప్పటికైనా చెదరవచ్చు. అందుచేత ప్రతి చిత్రాన్నీ ఛాయాచిత్రంగా గ్రంథస్థం చేయాలని సంకల్పించారు. ఇ. ఎల్. వాసీ తీసిన వర్ణఛాయాచిత్రాలతో, యజ్దానీ రచించిన వివరణతో అజంతా గ్రంథం మొదటి భాగం 1930లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుండి వెలువడింది. నాలుగవ భాగం వెలువడేసరికి 1955 అయింది. ఒక్క గ్రంథానికి ఇరవై అయిదేళ్లు!

తెలుగువారు ఆయనను ప్రత్యేకంగా స్మరించవలసినది పాలంపేట విషయంలో. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మించిన రామప్ప దేవాలయాన్ని గూర్చి యజ్దానీ 1922లో ఒక గ్రంథం ప్రకటించారు. అడవి మధ్య మరుగునపడి ఉన్న ఆ ఆలయం దాని వలన పండితలోకం దృష్టికి వచ్చింది. ఇసుక నింపిన పునాదిపై బరువైన రాతికట్టడాన్ని నిలపడం, శిఖరానికి నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలు వాడడం, చెంతనే చెరువు తవ్వి ఊరికి నీరు అందించడం కాకతీయ స్థపతుల ప్రజ్ఞకు నిదర్శనాలు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. యజ్దానీ గ్రంథానికీ ఆ గుర్తింపుకూ మధ్య తొంభై తొమ్మిదేళ్లు గడిచాయి.

1908 నాటి మూసీ వరదల అనంతరం నగర రక్షణకై తలపెట్టిన గండిపేట జలాశయం 1920లో పూర్తయింది. అదే సంవత్సరం హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక సుందరభవనం కూడ నిర్మితమైంది. 1930లో అందులో హైదరాబాద్ మ్యూజియం వెలసింది. పురావస్తు శాఖ సేకరించిన శిల్పాలు, నాణేలు, ఆయుధాలు, బిదరీ పాత్రలు అక్కడ కొలువుతీరాయి. సయ్యద్ అహ్మద్ మొదలైన చిత్రకారులు వేసిన అజంతా నకళ్లకు ప్రత్యేకమైన గది ఏర్పడింది. 1940 ప్రాంతంలో మెదక్ జిల్లా కొండాపురంలో యజ్దానీ జరిపించిన తవ్వకాల్లో బయల్పడిన శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు ఆనాటి సామాన్యుని చేతిపనిని కన్నులకు కట్టించాయి. సందర్శకులు మాత్రం నేటికీ ఈజిప్టు మమ్మీ ఎక్కడని అడిగి, పూసల అలమరలను దాటిపోతూ ఉంటారు!

అయితే ప్రాచీనవస్తువులన్నీ మ్యూజియానికి చేరవు. గండిపేటకు చేరువలోని మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో, చెరువు తూముకు అమర్చిన రెండు రాతిస్తంభాలపై తీర్థంకరుల ప్రతిమలు, శాసనాక్షరాలు ఉన్నట్లు 2021లో పరిశోధకులు గుర్తించారు. అవి చిలుకూరు జైనబసదిని పేర్కొంటున్నాయి. శిథిలమైన ఆలయం నుండి వాటిని తెచ్చి తూముకు నిలిపిన రైతులు రాతిని వృథా పోనీయలేదు. వారికి తెలియకుండానే శాసనాన్నీ కాపాడారు. అటువంటి రాతిని చెరువుకట్టపైనే ఉంచాలా, నగరంలోని అద్దాల గదికి తరలించాలా అన్నది యజ్దానీ కాలం నుండి పురావస్తు శాఖను వెంటాడుతున్న ప్రశ్న. కట్టపై ఉంటే అక్షరం అరుగుతుంది. తరలిస్తే ఊరికీ రాతికీ ఉన్న బంధం తెగుతుంది.

యజ్దానీ 1943లో పదవీవిరమణ చేశారు గాని రచన విరమించలేదు. బీదరు కట్టడాలపై ఆయన బృహద్గ్రంథం 1947లో వెలువడింది. అజంతా నాలుగవ భాగం వచ్చిన మరుసటి ఏడాది, 1956లో, హైదరాబాద్ రాష్ట్రమే మూడుగా విడిపోయింది. అజంతా బొంబాయి రాష్ట్రానికి, బీదరు, మస్కి మైసూరుకు, రామప్ప, కొండాపురం ఆంధ్రప్రదేశ్‌కు చెందాయి. ఒక్క శాఖ ఒక్కటిగా చూసుకొన్న సంపద మూడు ప్రభుత్వాల నడుమ పంపిణీ అయింది. డెబ్బై ఏళ్లు పైబడిన యజ్దానీ ఆ ప్రాంతాలన్నింటి ప్రాచీన చరిత్రను మళ్లీ ఒక్కచోటికి తెచ్చే పనికి పూనుకొన్నారు. 1959లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ బిరుదంతో గౌరవించింది. పలువురు పండితుల రచనలతో ఆయన సంపాదకత్వంలో రూపొందిన దక్కను ప్రాచీన చరిత్ర 1960లో రెండు సంపుటాలుగా ప్రచురితమైంది. 1962 నవంబరులో యజ్దానీ హైదరాబాద్‌లో కన్నుమూశారు.