అన్నమయ్య పాటకి అసలు ట్యూన్ ఏది?

ఈ వారం మన ఛానెల్‌లో పెట్టిన అన్నమయ్య వీడియో చూసే ఉంటారు. 95 ఏళ్ళ జీవితాన్ని పది నిమిషాల్లో చెప్పడం కుదిరే పని కాదు. అందుకే మిగిలిపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. దానికంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మా అక్క కూతురిని ఉయ్యాల్లో వేసిన రోజు అమ్మమ్మ అన్నమయ్య లాలిపాట ఒకటి ఎత్తుకుంది. నేను ఫోన్‌లో రోజూ వినే ట్యూన్ అది కాదు. అసలు ట్యూన్ వేరే ఉందని అందరి ముందే అనేశాను. అమ్మమ్మ నవ్వి ఊరుకుంది. పాట మాత్రం అక్కడే ఆగిపోయింది. ఎంత తెలివితక్కువ మాట అన్నానో ఈ వీడియో కోసం చదువుతున్నప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు.

అన్నమయ్య పుట్టింది 1408లో, కడప సీమలో, రాజంపేట దగ్గరున్న తాళ్ళపాకలో. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. ఆయన మనవడు చిన్నన్న తాతగారి జీవితాన్ని ద్విపదలో రాశాడు. మనకి తెలిసిన కథల్లో చాలావరకు అక్కడివే. పశువులకి గడ్డి కోయడానికి వెళ్ళిన పిల్లాడు కొడవలితో వేలు కోసుకున్నాడట. అదే సమయానికి తిరుమల వెళ్ళే భక్తులు పాడుకుంటూ కనిపిస్తే, కొడవలి అక్కడే వదిలేసి వాళ్ళ వెంట నడిచాడట. కొండెక్కుతూ మోకాళ్ళపర్వతం దగ్గర ఆకలికి సొమ్మసిల్లితే, సాక్షాత్తూ అలమేలుమంగమ్మే వచ్చి ప్రసాదం పెట్టిందని చిన్నన్న చెప్తాడు.

పదహారో ఏట, అంటే 1424లో, స్వామి దర్శనమిచ్చాడనీ, అప్పటి నుంచి సంకీర్తనలు చెప్పాడనీ రాగిరేకుల మీదే రాసి ఉంది. 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు ఆ పాట ఆగలేదు. దాదాపు 79 ఏళ్ళు! మొత్తం 32 వేల సంకీర్తనలని చిన్నన్న లెక్క. మనకి దొరికినవి సుమారు 14 వేలు.

ఇంతకీ ఆ పాటలు ఏ బాణీలో కట్టాడు? అహోబిలంలో శఠగోపయతి దగ్గర వేదాంతం చదువుకున్న పండితుడాయన. సంస్కృతంలోనూ పాటలు రాశాడు. అయినా ఆయన చెవి ఊళ్ళోనే ఉండిపోయింది. వడ్లు దంచేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే సువ్విపాట, జాజర, ఏల, కోలాటం, గొబ్బిపాట, జోల, లాలి, పెళ్ళిలో నలుగుపాట... ఇవన్నీ తీసుకుని వాటిల్లో వేంకటేశుణ్ణి కూర్చోబెట్టాడు. గుడి మెట్లెక్కే తీరిక లేనివాళ్ళు కూడా రోకలి పోటు వేస్తూనే స్వామిని తలుచుకోవచ్చు అన్నమాట. ఇంట్లో కూడా అదే వాతావరణం. భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. తెలుగులో మొదటి కవయిత్రి ఆమేనని చాలామంది అంటారు.

ఇలాంటి పాట రాజుల చెవిన పడకుండా ఉంటుందా? టంగుటూరులో ఉన్న సాళువ నరసింహుడు పిలిపించి గౌరవించాడు. తర్వాత 1485లో విజయనగర సింహాసనం ఎక్కింది ఈయనే. స్వామి మీద చెప్పిన శృంగార పదం విని ముచ్చటపడి, తన మీదా అలాంటిది ఒకటి చెప్పమన్నాడట. అన్నమయ్య చెవులు మూసుకుని కుదరదన్నాడట. సంకెళ్ళు వేయించారు. అక్కడా పాటే పాడాడు, సంకెళ్ళు ఊడిపడ్డాయి, రాజు కాళ్ళ మీద పడ్డాడు. సంకెళ్ళు ఊడటం మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ కుదరదు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎదురుగా కూర్చున్నవాడికి అధికారం ఉంది, సైన్యం ఉంది. ఈయన దగ్గర ఉన్నది ఒక్క పాట. అది ఎవరి కోసమో ఆయన ముందే తేల్చుకున్నాడు.

ఆయన పాటల్ని కొడుకు పెదతిరుమలాచార్యులు, ఆ కుటుంబం రెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో చిన్న రాతిగదిలో దాచారు. తర్వాత వందల ఏళ్ళు వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1922లో అవి మళ్ళీ వెలుగులోకి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పెద్దలు వాటిని చదివి అచ్చువేయించారు.

నా నోరు మూయించిన సంగతి ఇదిగో. ఆ రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. కానీ స్వరాలు లేవు. అన్నమయ్య ఎలా పాడాడో రేకు చెప్పదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు లాంటి మహానుభావులు భక్తితో కట్టిన బాణీలే ఇప్పుడు మన ఫోన్లలో మోగుతున్నాయి. అవి మనకి దొరికిన వరం. కానీ అసలు ట్యూన్ ఇదీ అని చేయెత్తి చెప్పే హక్కు నాకు లేదు.

పోయిన ఆదివారం అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పి, ఆ పాట మళ్ళీ పాడమన్నాను. రెండో చరణం మర్చిపోయానంది. నేను పుస్తకంలో చూసి ఒక్కో మాటా అందించాను, ఆవిడ తన బాణీలో పాడింది. పూర్తయ్యేసరికి ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి.

మీ ఇంట్లోనూ అలా పాడేవాళ్ళు ఉంటే, ఈసారి సరిచేయకుండా చివరిదాకా వినండి. గొంతు బాగోదని మీరు ఆగిపోయి ఉంటే, ఈ శనివారం దీపం దగ్గర కూర్చుని ఒక్క సంకీర్తన పాడండి. వినేవాడు ఆ ఏడుకొండలవాడే.

ఓం నమో వేంకటేశాయ.