శిశూద్యాన స్థాపకుడు ఫ్రోబెల్

బాలురకు వసతిగృహములు గట్టించుటలో మన సంఘీయులు వెనుదీయలేదు. బడియీడు రాని బిడ్డను గూర్చి తలంచినవారు మాత్ర మరుదు. కావున ఫ్రెడరిక్ ఫ్రోబెల్ చరిత్రమును సంగ్రహముగ విన్నవించుచున్నాము.

1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింగియా సీమయందు ఒక క్రైస్తవ మతాచార్యునకు జన్మించిన యీతడు తొమ్మిది నెలలకే తల్లిని గోల్పోయెను. ఆ లోటే యాతని మనస్సును తల్లులవైపు మరల్చినదని మేము తలంతుము. స్విట్జర్లాండులో పెస్టలోజీ చెంత 1808 మొదలు 1810 వఱకు నుండి బోధనారీతుల నభ్యసించెను. 1837లో బ్లాంకెన్‌బుర్గున శిశువులకై శాల నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా శిశూద్యానమని పేరిడెను. పసిచేతికి మొదట నాతడిచ్చినది పలక గాదు, మెత్తని ఉన్నిబంతి. పిదప కొయ్యగుండు, కొయ్యదిమ్మెలు.

1844లో తల్లులకై పాటల పుస్తకమును వెలువరించెను. బిడ్డ నొడిలో నిడుకొని, చిట్టివ్రేళ్ల నాడించుచు బాడదగిన పాటలవి. చందమామను జూపి గోరుముద్దలు దినిపించు మన తల్లులకిది వింత గాదు. దానిని విద్యగా నెంచని తండ్రులకే వింత.

1851లో ప్రష్యా ప్రభుత్వము, నాస్తికత్వమును నేర్పునన్న నెపమున, ఆ మతాచార్యపుత్రుని శాలలను నిషేధించెను. మఱుసటి యేట జూన్ 21న ఆతడు కన్నుమూసెను. నిషేధము 1860లో గాని తొలగలేదు.