మంద్రనాద శిల్పి రాబర్ట్ మోగ్

రాబర్ట్ మోగ్ 1934లో న్యూయార్కు నగరంలో జన్మించారు. ఆ ఇంటిపేరు మన మ్రోగు ధాతువును స్ఫురింపజేయడం కాకతాళీయమే. బాల్యంలోనే తండ్రితో కలిసి, తాకనక్కరలేకుండా పలికే థెరెమిన్ వాద్యాలు నిర్మించారు. 1964లో సంగీతజ్ఞుడు హెర్బర్ట్ డాయిచ్ తోడ్పాటుతో, విద్యుత్తు చేతనే స్వరాలను పుట్టించే సింథసైజరును రూపొందించారు. 1970లో వచ్చిన మినీమోగ్ దానిని ఒకరు మోసుకొనిపోదగినంత చిన్నది గావించింది.

అందులో నాదాన్ని పుట్టించేవి మూడు డోలకాలు. ఎంత శ్రుతి చేసినా వేడిమికి అవి రవంత చలించి, ఒకదానితో ఒకటి పూర్తిగా కలియవు. ఆ భేదం వల్లనే నాదం స్థూలమై అలలుగా కదలుతుంది. పిదప మోగ్ కల్పించిన ట్రాన్సిస్టర్ల నిచ్చెన దానిని వడగట్టి, పై స్థాయిలను తగ్గిస్తుంది. 1978లో మారుమ్రోగిన ఫ్లాష్ లైట్ అనే ఫంక్ గీతంలో బేస్ గిటారుకు మారుగా బెర్నీ వొరెల్ మినీమోగ్‌తోనే మంద్రస్వరాలు పలికించారు. నేడు కంప్యూటరుపై ఆ నాదాన్ని పునఃసృష్టింపబూనినవారు, తమ డోలకాల నిర్దోషత్వమే అవరోధమని గ్రహించి, ఆ చాంచల్యాన్ని గణితంతో కల్పిస్తున్నారు.

సంస్థ మాత్రం అప్పులలో మునిగి 1971లో పరులపాలయింది. 1977లో ఆయన దానిని విడిచారు. అటుపై తాను చేసిన వాద్యంపై తన పేరు వ్రాసుకొనే హక్కు కూడ లేకపోయింది! వేరొక పేరుతో థెరెమిన్లు నిర్మిస్తూ, 2002లో దానిని తిరిగి పొందారు. 2005 ఆగస్టు 21న ఆషెవిల్ పట్టణంలో కన్నుమూశారు.