గుర్తుపట్టే విద్యను శోధించిన బొంగార్డ్

మన సంఘ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. నాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ఉద్యోగకాలమంతా కాగితాల మధ్య, రకరకాల చేతిరాతల మధ్య గడిపిన నాకు మాత్రం మిఖాయిల్ బొంగార్డ్ అనే రష్యన్ శాస్త్రవేత్త జ్ఞాపకం వచ్చారు. ఆయన కూర్చిన వంద బొమ్మల పజిళ్లను కంప్యూటర్ శాస్త్రజ్ఞులు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

బొంగార్డ్ 1924లో జన్మించారు. సోవియట్ సైన్సెస్ అకాడమీ వారి జీవభౌతికశాస్త్ర సంస్థలో పనిచేశారు. మొదట కంటిచూపు మీద, ముఖ్యంగా మనకు రంగులు ఎలా తెలుస్తాయన్న విషయం మీద పరిశోధించారు. కన్ను చూస్తుంది సరే, చూసినదాన్ని గుర్తుపట్టేదెలా? ఈ ప్రశ్నే ఆయనను కంప్యూటర్ల వైపు నడిపించింది. అంకెల పట్టికలను చూసి, వాటి వెనుక ఉన్న సూత్రాన్నిబట్టి వేరుచేయగల ప్రోగ్రామును ఆయన బృందం తయారుచేసింది. భూగర్భంలో చమురు ఉన్న పొరలను, నీరు ఉన్న పొరలను కొలతల ఆధారంగా వేరుచేయడానికి కూడా ఈ పద్ధతులను ఉపయోగించారు.

1967లో మాస్కోలో ఆయన పుస్తకం వెలువడింది. గుర్తుపట్టడం అనే సమస్యే దాని పేరు, దాని విషయం కూడా. 1970లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ పుస్తకం చివర అనుబంధంగా ఉన్నవే ఈ వంద పజిళ్లు. ఒక్కొక్క దానిలో ఎడమవైపు ఆరు గళ్లు, కుడివైపు ఆరు గళ్లు, వాటిలో బొమ్మలు ఉంటాయి. ఎడమ ఆరింటికీ ఉండి, కుడి ఆరింటికీ లేని లక్షణం ఏమిటో చెప్పాలి. రెండవ పజిల్‌లో ఎడమవైపు పెద్ద బొమ్మలు, కుడివైపు చిన్నవి. అక్కడ ఆకారంతో పని లేదు. ఆరవదానిలో ఎడమవైపు త్రిభుజాలు, కుడివైపు చతుర్భుజాలు. అక్కడ పరిమాణంతో పని లేదు. అంటే ఏది చూడాలో, ఏది వదిలేయాలో ఎవరూ చెప్పరు. అది కనిపెట్టడమే అసలు పరీక్ష. ప్రశ్న ఇస్తే జవాబు లెక్కకట్టే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. ఏమి అడగాలో యంత్రం తనంతట తాను తెలుసుకోగలదా అన్నది బొంగార్డ్ వేసిన ప్రశ్న.

నూరవ పజిల్ నాకు మరీ ఇష్టం. రకరకాలుగా రాసిన రెండు రష్యన్ అక్షరాలు అటు ఆరు, ఇటు ఆరు ఉంటాయి. ఏ రెండూ ఒకేలా ఉండవు, అయినా చదువుకున్నవాడికి క్షణంలో తెలిసిపోతుంది. మన రికార్డు గదుల్లో జరిగిందీ ఇదే కదా! ఒక కరణంగారి ‘వ’ మరొకరి ‘ప’లా ఉండేది, ఇంకొకరి దస్తూరీ కోడికాళ్లే. అయినా చదివాము, నకళ్లు రాశాము. ఎలా చదివారని ఎవరైనా అడిగితే మనలో ఎంతమంది చెప్పగలరు?

బొంగార్డ్‌కు పర్వతారోహణ అంటే ప్రాణం. 1971లో ఆ పర్వతాలలోనే ప్రమాదానికి గురై మరణించారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లయినా నిండలేదు. 1979లో అమెరికాకు చెందిన డగ్లస్ హాఫ్‌స్టాడర్ తన ప్రసిద్ధ గ్రంథంలో ఈ పజిళ్లను ప్రశంసించడంతో అవి లోకానికంతటికీ తెలిశాయి. 2006లో ఆయన శిష్యుడు హ్యారీ ఫౌండాలిస్ తయారుచేసిన ప్రోగ్రాము వీటిలో కొన్నింటిని మాత్రమే విప్పగలిగింది. 2024లో పరిశోధకులు బొమ్మలనూ భాషనూ కలిపి అర్థంచేసుకునే నూతన యంత్రాలకు ఇవే పజిళ్లు ఇచ్చి చూస్తే, మనకు సులువుగా తోచేవాటిలో కూడా కొన్నిచోట్ల అవి తడబడ్డాయి.

ఇదంతా పెన్షనర్లకు దేనికి అనుకోవద్దు. కొన్నేళ్ల క్రితం లైఫ్ సర్టిఫికెట్ సమయంలో, దివంగతులైన నా సహోద్యోగి భార్య వేలిముద్రను యంత్రం పదేపదే తిరస్కరించింది. అంట్లు తోమి తోమి ఆమె వేళ్లు అరిగిపోయాయి. ఇరవై ఏళ్లుగా ఆమెను ఎరిగినవాళ్లం నలుగురం పక్కనే ఉన్నాము. మా గుర్తింపు చెల్లలేదు. చివరకు కంటిపాపతో పని జరిగింది గాని, తను బతికి ఉన్నానని రుజువు చేసుకోలేక ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. యంత్రాన్ని తప్పు పట్టలేము. వేలి గీతలు సరిచూడమని చెప్పారు, సరిచూసింది. ఆమె ఎవరని దానిని ఎవరూ అడగలేదు. ఆ తేడా తెలిసిన మనిషి ఒకరు ప్రతి కౌంటరులోనూ ఉండాలని, వారి మాటకు విలువ ఉండాలని మన సంఘం కోరడం న్యాయమని నా అభిప్రాయం.

మనుమలతో కాలక్షేపానికి బొంగార్డ్ బాటలో తెలుగు పజిల్ ఒకటి ఇస్తున్నాను. ఎడమవైపు: ఖ, జ, ట, ణ, బ, ల. కుడివైపు: క, గ, త, న, ప, మ. తేడా ఏమిటి? ఉచ్చారణ చూడవద్దు, ఆకారమే చూడాలి. పలక మీద అక్షరాలు దిద్దినవారికి ఇట్టే తెలుస్తుంది. పిల్లలకు మాత్రం వెంటనే చెప్పేయకండి, వాళ్లనే కనిపెట్టనివ్వండి.