కమ్మరి కుమారుడు బెన్ హోగన్

గోల్ఫు అనగానే మనకు ధనికుల వినోదం గుర్తుకు వస్తుంది. విశాలమైన పచ్చిక బయళ్లు, ఖరీదైన కర్రల సంచి, ఆ సంచిని వెనుక మోసికొని వచ్చే ఒక పేద కుర్రవాడు మన కళ్ల ముందు మెదలుతారు. అటువంటి సంచి మోసిన కుర్రవాడే ఒకనాడు బంతిని కొట్టే విద్యకు ప్రమాణపురుషుడైనాడు. ఆయన అమెరికా దేశస్థుడు బెన్ హోగన్. ఆటలలో మా ప్రవేశం స్వల్పమే అయినా, ఒక మనిషి తన చేతిలోని లోపాన్ని తానే వెదకి పట్టుకొని దిద్దుకొన్న వైనం విద్యార్థులందరికీ తెలియవలసినదని తలచి ఆయన జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా చెప్పబూనుకొన్నాము.

హోగన్ 1912 ఆగస్టు 13వ తేదీన టెక్సాస్ రాష్ట్రంలోని స్టీఫెన్‌విల్‌లో జన్మించాడు. బాల్యం సమీపంలోని డబ్లిన్ అనే చిన్న ఊరిలో గడిచింది. తండ్రి చెస్టర్ కమ్మరి. మోటారు కార్లు పెరిగి గుర్రాలు తగ్గినకొద్దీ ఆ వృత్తికి ఆదరణ సన్నగిల్లింది. 1922లో ఆ తండ్రి ఆత్మహత్య చేసికొన్నాడు. అప్పటికి బెన్‌కు తొమ్మిదేళ్లు. తల్లి క్లారా ఫోర్ట్ వర్త్ నగరంలో కుట్టుపని చేస్తూ ముగ్గురు పిల్లలను సాకింది. బెన్ వార్తాపత్రికలు అమ్మినాడు. పదకొండవ ఏట గ్లెన్ గార్డెన్ అనే గోల్ఫు క్లబ్బులో కాడీగా, అనగా సంచి మోసే కుర్రవాడుగా చేరాడు. ఆ కాడీలలోనే బైరన్ నెల్సన్ అనే మరొక బాలుడుండేవాడు. 1927లో కాడీలకు జరిపిన పోటీలో నెల్సన్ ఒక్క దెబ్బ తేడాతో హోగన్‌ను ఓడించాడు. ఇద్దరూ తరువాత జగత్ప్రసిద్ధులైనారు. కాని నెల్సన్‌కు కీర్తి త్వరగా వచ్చింది, హోగన్ చాలాకాలం వేచి ఉండవలసి వచ్చింది.

ఆ ఆలస్యానికి కారణం తెలియాలంటే ఆటను కొంత తెలుసుకోవాలి. గోల్ఫు బంతి బరువు 46 గ్రాములు మించదు. అది నేలమీద కదలకుండా ఉంటుంది. కదలని వస్తువును కొట్టడం సులభమని మనం అనుకొంటాము. మన బిళ్లంగోడు ఆటలో ముందు బిళ్లను గాలిలోకి లేపి, ఆపైన కొడతాము. గోల్ఫులో ఇనుప కర్రలతో ఆడేటప్పుడు బంతిని లేపే పనిని కర్ర మొగమునకున్న ఏటవాలే చేస్తుంది. ఆటగాడు బంతిని పైకెత్తాలని ప్రయత్నిస్తే చెడిపోతాడు. కర్ర కిందికి దిగుతూ ముందు బంతిని తాకాలి, ఆ తరువాతనే నేలను గీరి గరికతో కూడిన మట్టిపెళ్లను లేపాలి. అప్పుడు బంతి వెనుకకు సుడి తిరుగుతూ పైకి లేచి, దూరాన దిగినచోట త్వరగా నిలుస్తుంది. కర్ర ముందుగా నేలను తాకితే బంతికి బలం చాలదు. ఇక దిక్కు సంగతి. బంతి బయలుదేరే దిక్కును ముఖ్యంగా కర్ర మొగము నిర్ణయిస్తుంది. కర్ర నడిచిన దారికి, ఆ మొగము చూచే దిక్కుకు తేడా ఉన్నప్పుడు బంతి ఆకాశంలో వంకర పోతుంది.

హోగన్ బాధ ఈ వంకరే. ఆయన పొట్టి, బక్కపలుచని మనిషి. పెద్దవారితో సమానంగా దూరం కొట్టాలన్న తపనతో చేతులను విసురుగా తిప్పేవాడు. కర్ర మొగము ముందే మూసికొనేది. బంతి కుడినుండి ఎడమకు గట్టిగా వంగి, తక్కువ ఎత్తులో పరుగెత్తి పొదలలో పడేది. దీనికి హుక్ అని పేరు. 1930లో వృత్తి ఆటగాడై బయలుదేరిన హోగన్ డబ్బు అయిపోయి ఒకటికి రెండుసార్లు ఇల్లు చేరాడు. 1935లో వేలరీని వివాహమాడినాడు. 1938లో ఓక్లండ్ పోటీ సమయంలో దొంగలు ఆయన కారు చక్రాలు ఊడదీసికొని పోయారు. చేతిలో ఉన్నది ఆ వారం ఖర్చుకే. అక్కడ దొరికిన చిన్న బహుమతి సొమ్మే దంపతులను నిలబెట్టింది.

ఆ కాలంలో ఆటగాళ్లు అంతగా అభ్యాసం చేసేవారు కారు. హోగన్ మాత్రం గంటల తరబడి ఒంటరిగా బంతులు కొట్టేవాడు. దూరాన సంచి పట్టుకొని నిలిచిన కుర్రవాడే ఆయనకు గురి. 1940లో పైన్‌హర్స్ట్‌లో తొలిసారి ఒంటరిగా పోటీ గెలిచాడు. ఆ ఏడూ, ఆ తరువాతి రెండేళ్లూ బహుమతి ధనంలో ఆయనదే మొదటి స్థానం. అయినా హుక్ పూర్తిగా పోలేదు. ఇంతలో యుద్ధం వచ్చింది. సైన్యపు వైమానిక దళంలో పనిచేసి తిరిగి వచ్చాడు.

1946లో ఆయన ఆటనుండి కొంతకాలం విరమించి, ఇంటికి పోయి, ఆలోచనలో పడినాడు. ఎన్ని బంతులు కొట్టినా, తప్పు పట్టుతో కొడితే తప్పే బలపడుతుందని గ్రహించాడు. కర్రను పట్టే ఎడమచేతిని కొద్దిగా ఎడమకు జరిపాడు. కర్ర పైకి లేచిన క్షణంలో ఎడమ మణికట్టును కొంచెం వెనుకకు వంచాడు. ఈ చిన్న మార్పులతో, ఇక ఎంత బలంగా తిప్పినా కర్ర మొగము ముందే మూసికొనే అవకాశం తొలగిపోయింది. బంతి ఎత్తుగా పోయి, చివర కొద్దిగా కుడికి ఒరిగి, మెత్తగా దిగసాగింది. దీనికి ఫేడ్ అని పేరు. అంతకన్న ముఖ్యం, ప్రతిసారీ ఒకే విధంగా పోసాగింది. ఆ ఏడే వృత్తి ఆటగాళ్ల చాంపియన్‌షిప్, 1948లో మళ్లీ అదీ, దానితోపాటు అమెరికా ఓపెనూ గెలిచాడు.

కీర్తిశిఖరాన ఉండగా విధి పరీక్షించింది. 1949 ఫిబ్రవరి 2న భార్యతో కారులో ఇంటికి వస్తుండగా, టెక్సాస్‌లోని వాన్ హార్న్ సమీపాన, పొగమంచులో, వంతెనపై లారీని దాటబోయిన ఒక బస్సు ఎదురుగా వచ్చి ఢీకొన్నది. హోగన్ ఆ క్షణంలో భార్యకు అడ్డంగా పడినాడు. ఆమెను కాపాడబోయిన ఆ చర్యే ఆయన ప్రాణాన్నీ కాపాడింది. స్టీరింగు ఇరుసు ఆయన కూర్చున్న చోటులోకి దూసికొని వచ్చింది. కటి ఎముక, కాలరు ఎముక, చీలమండ, పక్కటెముక విరిగాయి. రక్తపు గడ్డలు గుండెకు చేరకుండా వైద్యులు ఒక పెద్ద సిరను కట్టివేశారు. 59 రోజులు ఆసుపత్రిలో గడిపాడు. నడవడమే కష్టమన్నారు.

పదహారు నెలలు గడిచాయి. 1950 జూన్‌లో మెరియన్‌లో అమెరికా ఓపెన్ జరిగింది. చివరి రోజున 36 గుంటలు ఆడాలి. హోగన్ కాళ్లకు కట్లు చుట్టుకొని, నొప్పితో కుంటుతూ ఆడినాడు. ఆఖరు గుంటవద్ద, రెండు వందల గజాలకు పైబడిన దూరంనుండి, అన్నిటికన్న ఏటవాలు తక్కువైన, అన్నిటికన్న కష్టమైన ఒకటో నంబరు ఇనుప కర్రను తీశాడు. బంతి నేరుగా పోయి పచ్చికపై నిలిచింది. వెనుకనుండి తీసిన ఆ దెబ్బ ఛాయాచిత్రం నేటికీ ప్రసిద్ధం. స్కోరు సమమైంది. మరునాడు 69 దెబ్బలతో ఆయనే గెలిచాడు. మాంగ్రమ్‌కు 73, ఫాజియోకు 75.

ఆ తరువాత ఆయన ఏడాదికి కొన్ని పోటీలే ఆడగలిగేవాడు. 1953లో ఆరింటిలో ఐదు గెలిచాడు. అందులో మాస్టర్స్, అమెరికా ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ ఉన్నాయి. స్కాట్లండులోని కార్నూస్టీలో ఆయన వరుస స్కోర్లు 73, 71, 70, 68. అపరిచితమైన నేలమీద రోజురోజుకు నేర్చుకొన్నాడని ఆ అంకెలే చెబుతాయి. మొత్తం తొమ్మిది మహా పోటీలు గెలిచాడు.

హోగన్ మితభాషి, సహాటగాళ్లకు ముభావి. తన విద్యను దాచుకొన్నాడన్న నింద కూడ ఉండేది. కాని 1955లో మణికట్టు కిటుకును ఒక పత్రికలో వెల్లడించాడు. 1957లో హెర్బర్ట్ వారెన్ విండ్ సహాయంతో ఐదు పాఠాల పుస్తకం వెలువరించాడు. కర్రల కర్మాగారం స్థాపించినప్పుడు, తొలివిడత తయారైన కర్రలు తన మనసుకు నచ్చలేదని అమ్మకానికి పంపనేలేదు. ఇనుముతో బతికిన తండ్రికి తగిన కుమారుడు. 1997 జూలై 25న ఫోర్ట్ వర్త్‌లో కన్నుమూశాడు.

విద్యార్థులారా! మీలో పలువురు కుట్టుమిషను చప్పుడు వింటూ చదువుకొన్నవారే. పదిసార్లు రాసినా పోని ఒత్తుల తప్పులను మీ జవాబు పత్రాలలో మేము ఏటా చూస్తుంటాము. పదకొండవసారి రాయించడంతోనే మా పని తీరదని హోగన్ జీవితం చదివాక మాకు తోచింది. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో విద్యార్థితో కలిసి కూర్చొని వెదకాలి. కారణం దొరికినవాని సాధనే ఫలిస్తుంది. అలా సంపాదించిన విద్య, కాళ్లు విరిగిన నాడు కూడ హోగన్‌ను విడిచిపోలేదు.